4.6 బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్: మూస అభిప్రాయాలు – యజమానుల దృక్పథం

యజమాని తాను నివసించే ఇంట్లోనే కొన్ని గదులను అతిథులకు అద్దెకిచ్చి, ఉదయం అల్పాహారం పెట్టే వసతిని 'బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్' అంటారు. దీనిపై ఉన్న మూడు మూస అభిప్రాయాలను యజమానుల వైపు నుంచి పరిశీలిద్దాం.

1. 'యజమానురాలు పిసినారి, కఠినురాలు.' ఈ పద్ధతికి పూర్వరూపమైన బోర్డింగ్ హౌస్‌లను ఇంగ్లండ్‌లోని బ్లాక్‌పూల్ తీరంలో ఎక్కువగా మహిళలే నడిపేవారు. ఉప్పు, మిరియాలకూ డబ్బు తీసుకుంటారని, పగలు అతిథులను బయటికి పంపుతారని వారిని ఎగతాళి చేసేవారు. అయితే సెలవులకు వచ్చే లాంకషైర్ మిల్లు కార్మికులు చాలాకాలం సరుకులు తామే కొని తెచ్చేవారు. ఆమెకు వచ్చేది గది అద్దె, వంటచాకిరీ, ఉప్పుమిరియాల డబ్బే. గదులు శుభ్రం చేయడానికి దొరికేదీ ఆ పగటివేళే.

2. 'ఇది విశ్రాంత జీవితానికి తగిన తేలిక పని.' అతిథి లేవకముందే యజమాని వంటగదిలో ఉండాలి. రాత్రి ఆలస్యంగా వచ్చేవారి కోసం మేల్కొని ఉండాలి. నాలుగు గదుల్లో ఒకటి ఖాళీగా ఉంటే ఆ రోజు అద్దె రాబడిలో పావువంతు పోయినట్లే.

3. 'అతిథికి ఏకాంతం ఉండదు.' దీనిలో కొంత నిజముంది. కానీ ఏకాంతం కోల్పోయేది యజమాని కుటుంబం కూడా.

మన దేశంలో కేంద్ర పర్యాటక మంత్రిత్వశాఖ ఇలాంటి ఇళ్లను గోల్డ్, సిల్వర్ శ్రేణులుగా గుర్తిస్తుంది. అందుకు యజమాని కుటుంబం అక్కడే నివసించాలి.

కాబట్టి ఈ అభిప్రాయాలకు మూలం యజమాని స్వభావం కాదు. ఇల్లే వ్యాపారస్థలం కావడం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: పగలు అతిథులను బయటికి పంపడానికి కారణమేమిటి?