మాటలు ఆలస్యమా? ముందు చెవులు చూపించండి

"మా వాడికి రెండేళ్ళు నిండాయండీ. ఇంకా 'అమ్మా' అనడు. అత్తగారేమో, వాళ్ళ నాన్నకూ మూడో ఏటగానీ మాటలు రాలేదు, కంగారెందుకంటున్నారు."

ఇలా చెప్పే తల్లులు చాలామందే. కొందరు వస అరగదీసి నాలుకకు రాస్తారు. కానీ చాలామంది పిల్లల్లో లోపం నాలుకలో ఉండదు, చెవిలో ఉంటుంది. వినని మాటను బిడ్డ ఎలా పలుకుతుంది?

"చప్పట్లు కొడితే చూస్తున్నాడుగా!" అంటారు. చేతులు కదలడం చూసి తిరిగి ఉండవచ్చు. తలుపు దడాలున వేస్తే నేల అదురుతుంది, ఆ అదురుకే ఉలిక్కిపడవచ్చు. అసలు వినబడని బిడ్డ కూడా మొదటి నెలల్లో అందరిలాగే ఊ కొడుతుంది, కేరింతలు కొడుతుంది. ఆ తర్వాతే క్రమంగా మూగబోతుంది. పెద్దవాళ్ళు మోసపోయేది ఇక్కడే.

ఆరునెలలు దాటిన బిడ్డ వెనకనుంచి పిలిస్తే తల తిప్పాలి. ఏడాది దాటేసరికి అత్త, తాత అనాలి. రెండేళ్ళకు "పాలు కావాలి" వంటి రెండు మాటలు కలపాలి. లేకపోతే పరీక్ష చేయించవలసిందే. నెలలు నిండకుండా పుట్టినా, పసిరికలు తీవ్రంగా వచ్చినా, మెదడువాపు సోకినా, గర్భిణిగా ఉన్నప్పుడు తల్లికి రుబెల్లా వచ్చినా అనుమానం వచ్చేదాకా ఆగకూడదు. మేనరికపు పిల్లల్లో వంశపారంపర్యపు చెవుడు ఎక్కువ. ఈ మాట మన ఇళ్ళలో ఎవరికీ రుచించదు, అయినా చెప్పక తప్పదు.

ఓఏఈ, బెరా అనే పరీక్షలకు బిడ్డ జవాబు చెప్పనక్కరలేదు. నిద్రపోతుండగానే చేస్తారు. నొప్పి ఉండదు. నెలలోపు మొదటి పరీక్ష, మూడు నెలలకు నిర్ధారణ, ఆరు నెలలకు చెవి మిషను. ఇదీ డాక్టర్లు కోరే లెక్క. మూడు నెలల పసివాడికి మిషనేమిటని నవ్వకండి. మిషనుతో లాభం లేనివారికి కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషను ఉంది. పుట్టు చెవుడైతే అది ఎంత చిన్నతనంలో జరిగితే అంత మంచిది. ఆలస్యమయ్యేకొద్దీ మాటలు రావడం కష్టమవుతుంది.

ఖర్చుకు భయపడి ఊరుకోకండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టు చెవుడు కూడా ఉంది. అంగన్‌వాడీకి వచ్చే వైద్యబృందాన్ని అడిగితే జిల్లా కేంద్రానికి పంపుతారు. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థవారి ప్రాంతీయ కేంద్రం ఉంది. కేంద్రప్రభుత్వపు అడిప్ పథకం కింద అర్హులకు మిషన్లు, ఇంప్లాంట్లు ఇస్తారు.

బడికెళ్ళే పిల్లల సంగతి వేరు. తరచు జలుబు చేసేవారికి కర్ణభేరి వెనక నీరు చేరి వినికిడి మందగిస్తుంది. టీచరు "పెంకివాడు, చెప్పిన మాట వినడు" అంటే కొట్టకండి, ఇ.ఎన్.టి. డాక్టరుకు చూపించండి. చెవిలో వేడినూనె మాత్రం పోయవద్దు.

మిషను పెట్టగానే మాటలు రాలిపడవు. స్పీచ్ థెరపీతోపాటు ఇంట్లో స్నానం చేయిస్తూ, అన్నం పెడుతూ, దగ్గరగా, ముఖం కనబడేలా మాట్లాడుతూనే ఉండాలి. పిల్లల చెవి పెరిగేకొద్దీ మోల్డ్ వదులై మిషను కూతపెడుతుంది. చెడిపోయిందని బీరువాలో పెట్టేయకండి, కొత్త మోల్డ్ చేయించండి.