నాలుగు చీటీలు, ఒకటే జబ్బు

మా తమ్ముడి కొడుక్కి ఎనిమిదో నెలలో హెర్నియా ఆపరేషన్ అయింది. ఏడాదికి చెవుల్లో చీము. ఎప్పుడూ ఉబ్బిన పొట్ట, నిద్రలో గురక. కూర్చోబెడితే నడుం దగ్గర వెన్ను గూనిలా కనిపించేది. ఒక్కో బాధకు ఒక్కో డాక్టరు, ఒక్కో చీటీ. మా షోలాపూర్ చాళ్లో మాత్రం అందరిదీ ఒకటే మాట: "పెద్దగైతె తగ్గుతది అక్కా." గ్రహణం నాడు తల్లి బయటికొచ్చిందన్నవాళ్లూ ఉన్నారు.

మూడేళ్లు నిండినంక ఒక పిల్లల డాక్టరమ్మ ఆ చీటీలన్నీ బల్ల మీద పరిచి చూసింది. మూత్రం పరీక్ష, ఆ తర్వాత రక్తంలో ఎంజైమ్ పరీక్ష రాసింది. హర్లర్ అని తేలింది. ఎం.పి.ఎస్. అనే జబ్బుల్లో ఇది మొదటి రకం.

మన కార్ఖానా మాటల్లో చెప్తా. సాంచె నడుస్తుంటే నూలు పొట్టు రాలుతూనే ఉంటది. ఊడ్చే మనిషి రాకపోతే అది నేల మీదే ఆగదు, మోటార్లోకీ మన ముక్కులోకీ పోతది. ఒంట్లో కణాలు కూడా రోజూ తమ చెత్తను ఊడ్చుకుంటాయి. ఊడ్చే ఎంజైమ్ పుట్టుకతోనే లేకుంటే ఆ చెత్త కాలేయం, ఎముకలు, గుండె కవాటాలు, కళ్లు, మెదడు అన్నిట్లో పేరుకుంటది. పుట్టినప్పుడు బాగానే కనిపించిన బిడ్డకు నెలలు గడిచేకొద్దీ ఒక్కొక్కటే బయటపడేది అందుకే.

గ్రహణానికీ దీనికీ ఏ సంబంధం లేదు. తల్లిలో ఒకటి, తండ్రిలో ఒకటి దెబ్బతిన్న జన్యువు ఉంటది. రెండోది మంచిది కాబట్టి వాళ్లకేం కాదు. బిడ్డకు దెబ్బతిన్నవే రెండూ వస్తే జబ్బు. ఒకరికి వచ్చింది కదా, ఇక మూడు కాన్పులకు భయం లేదని మా అమ్మ లెక్క. అట్లా కాదు, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు భయం ఉంటది. బయటి సంబంధాల్లోనూ రావచ్చు గానీ, ఒకే ఇంటి రక్తమైతే ఇద్దరిలో అదే జన్యువు ఉండే వీలు ఎక్కువ. మా చెల్లె బిడ్డనే మా తమ్ముడికి చేసుకున్నాం.

వారం వారం ఎంజైమును సెలైన్‌లా ఎక్కించే మందుంది. కాలేయానికీ, ఊపిరికీ, నడకకూ సాయపడతది గానీ మెదడుకు చేరదు. మెదడును కాపాడాలంటే మూలకణాల మార్పిడి, అదీ రెండేళ్ల లోపైతే మేలు. మావాడికి ఆ గడువు దాటింది. "అత్తమ్మా" అని పిలిచేవాడు, ఇప్పుడా పిలుపూ లేదు.

2021లో వచ్చిన కేంద్ర విధానం కింద, అర్హులని తేలితే అరుదైన జబ్బుల చికిత్సకు 50 లక్షల దాకా సాయం ఉంది. సొమ్ము మన చేతికి రాదు, ఆస్పత్రికే పోతది. మనకు ముంబై పరేల్‌లో కె.ఇ.ఎం. ఉంది. హైదరాబాదులో చుట్టాలున్నవాళ్లకు నిమ్స్, సి.డి.ఎఫ్.డి. ఉన్నాయి. పోయేటప్పుడు పాత చీటీలు ఒక్కటీ పారేయకుండా తీసుకపోండి.

ఇట్లాంటి బిడ్డ ఉన్న ఇంట్లో మళ్లీ కడుపు పండకముందే ఆ బిడ్డ జన్యు పరీక్ష చేయించి కాగితం దాచుకోవాలి. అది ఉంటే 11 నుంచి 13 వారాల మధ్య మాయలోంచి చిన్న ముక్క తీసి కడుపులో బిడ్డ సంగతి చెప్పగలరు. మా పిల్లకు ఇప్పుడు తొమ్మిదో వారం. పెద్దోడి కాగితం వచ్చింది. ముంబైకి టికెట్లు తీసినం.