సిరొంచ బరిలో చెడుగుడు మర్యాద

వరికోతలు ముగిసి, కల్లాలు ఖాళీ అయి, పత్తి ఏరుడు నడుస్తున్న రోజులలో సిరొంచ తాలూకా పల్లెలకు పోయినవారికి సాయంకాలం ఒక వేడుక కనబడుతుంది. ఊరి బయట చదును చేసి నీళ్ళు చల్లిన నేల, దానిమీద సున్నపు గీతలు, నాలుగు మూలల వెదురు గడలకు కట్టిన దీపాలు. రెండు చెట్ల నడుమ కట్టిన గుడ్డమీద మరాఠీలో కబడ్డీ పోటీలని రాసి ఉంటుంది. ఆ గుడ్డ క్రింద గుమిగూడిన జనం మాట్లాడేది మాత్రం తెలుగు. మైకులో ప్రకటన మరాఠీలో మొదలవుతుంది. ఆటగాళ్ళ పేర్లు వచ్చేసరికి తెలుగులోకి జారిపోతుంది. ఎవరైనా మంచి పట్టు పట్టినారా, ఇక మరాఠీ మాట తలచేవాడే ఉండడు.

సిరొంచను గురించి మన పాఠకులలో పెద్దలకు కొత్తగా చెప్పనక్కరలేదు. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసేచోట ఒక ఒడ్డున సిరొంచ, ఎదుటి ఒడ్డున కాళేశ్వరం. 1860లో నిజాము చేతినుండి ఇంగ్లీషువారి చేతికి వచ్చి, కొన్నాళ్ళు ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యస్థానంగా ఉండి, 1874లో ఆ జిల్లా రద్దు కాగా చాందా జిల్లాలో తాలూకాగా కలిసినది. 1982 ఆగస్టు 26న గడ్చిరోలి జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చినది. జిల్లా కచ్చేరీకి పోవాలంటే అడవి దారిన 200 కిలోమీటర్లకు పైగా ప్రయాణం. తెలుగుదేశానికి పోవాలంటే ఏరు దాటితే చాలు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. తెలుగు చక్కగా మాట్లాడుతూ తెలుగు అక్షరం చదవలేనివారు ఆ పక్క ఎందరో ఉన్నారు. ఇది వేరే వ్యాసానికి తగిన సంగతి. ఇప్పుడు ఆటకు వద్దాము.

మనం చెడుగుడు అనే ఆటనే మహారాష్ట్రులు హుతుతూ అనేవారు. ఆట ఒకటే గాని, దానికి కాగితంమీద నియమాలు పెట్టినది మాత్రం వారేనని ఒప్పుకోవలె. మొదట సంజీవని, గామిని, అమర్ అని మూడు రకాలుగా ఆడేవారు. సంజీవనిలో ఎదుటి జట్టువాడు ఔటయితే మనవాడొకడు బ్రతికి బరిలోకి వస్తాడు. గామినిలో పోయినవాడు పోయినట్లే, జట్టంతా పోయేదాకా ఆట సాగుతుంది. అమర్‌లో తాకించుకున్నవాడు బయటికి పోనే పోడు, ఎదుటివారికి ఒక పాయింటు మాత్రం చేరుతుంది. 1923లో బరోడా పోటీల నాటికి ఈ నియమాలను సవరించి ఒక దారికి తెచ్చినారు. 1936లో అమరావతి హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలివారు బెర్లిన్ ఒలింపిక్ సందర్భంలో ఈ ఆటను ప్రదర్శించి వచ్చినారు. 1950లో అఖిల భారత సమాఖ్య ఏర్పడినది. 1990లో బీజింగ్ ఆసియా క్రీడలలో మన దేశానికి స్వర్ణపతకం వచ్చినది. పాత సంజీవనియే నేటి కబడ్డీకి తల్లి.

పెద్ద పోటీల మాట వదలిపెడదాము. సిరొంచ పల్లెలలో ఆడేవారు పతకాలకు ఆడేవారు కారు. రైతులు, కూలీలు, ట్రాక్టరు నడిపేవారు, వేసవి వస్తే తునికాకు కోతకు పోయేవారు, ఒకరిద్దరు బడిపంతుళ్ళు. ఇరవై ఏళ్ళవారితో పాటు నలభై దాటినవారూ చొక్కా విప్పి దిగుతారు. పగలంతా పనిచేసి రాత్రి ఆడతారు, తెల్లవారితే మళ్ళీ పనికి పోతారు. ఈ చివరి మాటే అసలు కీలకం. జీతం తీసుకొని ఆడేవాడికి కాలు బెణికితే వైద్యుడు వస్తాడు, జీతం ఆగదు. కూలికి పోయేవాడికి మోకాలు తిరిగితే ఆ నెల పొయ్యిలో పిల్లి లేవదు.

అందుచేత, పాయింట్ల లెక్కకన్నా ఎట్లా పట్టవచ్చును, ఎట్లా పట్టరాదు అన్న నియమాలకే ఇక్కడ విలువ ఎక్కువ. అవి చాలామంది అనుకున్నదానికన్నా కచ్చితమైనవి. కూతకు వచ్చినవానిని మొండెం పట్టి ఆపవచ్చును, కాలో చెయ్యో పట్టి ఆపవచ్చును. జుట్టు పట్టరాదు, గుడ్డ పట్టరాదు. కూత ఆపడానికి నోరు మూయరాదు, గొంతు నొక్కరాదు. రెండు కాళ్ళనూ కత్తెరవలె వేసి బిగించరాదు. బుద్ధిపూర్వకంగా గీత బయటికి గెంటితే గెంటినవాడే ఔటు. గోళ్ళు తీసుకొని రావలె, ఉంగరాలూ కడియాలూ తీసివేయవలె, ఒంటికి నూనె రాసుకొని దిగరాదు. ఈ నూనె సంగతి చదివి నవ్వుకునేవారు పట్నం పాఠకులు. పల్లెలో పంచ్ ప్రతివాని మోచేయీ తడిమి చూడడం నేను కళ్ళారా చూచినాను. ఆ ప్రాంతంలో రెఫరీని పంచ్ అనే అంటారు. కొన్నిచోట్ల 55 కిలోలు, 60 కిలోలు అని తూకం వేసి జట్లు విడదీస్తారు. ధాన్యం తూచే కాంటామీద మనుషులు వరుసగా ఎక్కి దిగుతూ ఉంటే అదొక వినోదం. తూకానికి రెండు దినాల ముందునుంచి అన్నం మానివేసి, తూగిన వెంటనే అరటిపండ్ల గెలమీద పడేవారు కూడా ఉన్నారు.

తప్పు చేసినవానికి మూడు రంగుల చీటీలు. పచ్చచీటీ హెచ్చరిక, పసుపుచీటీకి రెండు నిమిషాలు బయట కూర్చోవలె, ఎర్రచీటీకి ఇంటికి పోవలె. పల్లె పంచుల జేబులో పచ్చచీటీ తరచు కనబడుతుంది, ఎర్రచీటీ అరుదుగా కనబడుతుంది. ఎందుకంటే ఎర్రచీటీ చూపిన పంచ్ కూడా ఆ దారినే ఇంటికి పోవలసినవాడు గదా!

అన్నిటికన్నా పెద్ద తగాదా పట్టును గురించి కాదు, ఎవరు ఏ ఊరివాడు అన్నదానిని గురించి. ఊరి జట్టులో ఊరివారే ఆడవలెనని నియమం. బహుమానం సొమ్ము పెరిగినకొద్దీ బయటినుంచి ఆటగాళ్ళను తెచ్చే మోజూ పెరిగినది. కాళేశ్వరం వైపు వంతెన పడిన తరువాత ఇది మరీ సులభమైనది. పూర్వం రాత్రివేళ పడవ దాటి రావలెనంటే ఆలోచించేవారు, ఇప్పుడు మోటారు సైకిలుమీద అరగంటలో వస్తున్నారు. కాబట్టి కమిటీవారు ఆధార్ కార్డు చూపమంటారు. కాని ఏటి కిరువైపులా పిల్లనిచ్చి పుచ్చుకునే ఊళ్ళలో కార్డు చూచి మనిషి ఊరు తేల్చడం అంత తేలిక కాదు. ఒకసారి ఇల్లరికపు అల్లుడు ఒకడు అత్తవారి జట్టులో దిగినాడు. ఎదుటివారు అభ్యంతరం చెప్పినారు. అభ్యంతరానికి ముందు సొమ్ము కట్టవలె. వాదం నెగ్గితే తిరిగి వస్తుంది, ఓడితే కమిటీకి పోతుంది. సొమ్ము కట్టినారు. కార్డులో తెలంగాణ చిరునామా. మామగారు లేచి, “పొలం దున్నేది ఇక్కడ, తినేది ఇక్కడ, ఆడేటప్పుడే అక్కడివాడైతడా?” అని అడిగినాడు. పంచులు ముప్పావుగంట తర్జనభర్జన చేసి, రెండు పంటలు ఈ ఊళ్ళో పండించినవాడు ఈ ఊరివాడే అని తేల్చినారు. ఏ నియమావళిలోనూ లేని తీర్పు ఇది. నాకు మాత్రం న్యాయంగానే తోచినది. సొమ్ము పోగొట్టుకున్నవారు సైతం గట్టిగా కాదనలేకపోయినారు.

మోకాళ్ళ మాట ఎత్తినాను గనుక ఒక సంగతి చెప్పవలె. రెండేళ్ళ క్రితం ఒక పల్లెలో నన్ను లెక్కలు రాయడానికి కూర్చోబెట్టినారు. ట్రాక్టరు నడిపే కుర్రవాడొకడు కూతకు పోయి తిరిగి వస్తుండగా, వెనుకనుంచి ఒకడు కాళ్ళతో కత్తెర వేసినాడు. చప్పుడు నా బల్లదాకా వినవచ్చినది. పంచ్ ఈల వేసినాడు, చీటీ చూపినాడు, నేను లెక్క రాసినాను. నియమం ప్రకారం జరగవలసినదంతా జరిగినది. కుర్రవాడు మాత్రం మూడు నెలలు ట్రాక్టరు ఎక్కలేదు. పట్టినవాడు దుర్మార్గుడేమీ కాడు. టీవీలో చూచిన పట్టును అరకొరగా నేర్చి, అలసిన ఒంటితో వేసినాడు. మరునాటినుంచి రోజు విడిచి రోజు ఆ ఇంటికి పోయి, వారి పత్తి ఏరించి మూటలు కట్టించి పెట్టినాడట. రెండవ బహుమానం గెలిచిన జట్టు తన సొమ్ములో సగం మందులకు పంపినది. ఇవేవీ నియమావళిలో ఉన్నవి కావు. మరుసటి సంవత్సరం ఆ ఊరి కరపత్రంలో మాత్రం ఒక పంక్తి కొత్తగా చేరినది: కత్తెర వేసినవాడు ఆ పోటీలలో మళ్ళీ ఆడరాదు.

దెబ్బ తగిలిన తరువాతనే నియమం రావడం మన దగ్గరే కాదు. అమెరికాలో బేస్‌బాల్ అని ఒక ఆట ఉన్నది. అక్కడ స్థిరపడిన మన బంధువుల పిల్లలు చాలామంది ఆడుతుంటారు. పరుగెత్తి వచ్చేవాడు ఇంటిగడి చేరవలె, బంతి పట్టేవాడు అక్కడ అడ్డుగా కాచుకొని ఉంటాడు. అతనిని గుద్ది పడగొట్టడం చాలాకాలం మగతనంగా చెల్లినది. 2011లో బస్టర్ పోసీ అనే పేరుపొందిన ఆటగాడి కాలు అట్లాంటి గుద్దుడులో విరిగినది. 2014లో అక్కడి పెద్ద లీగు ఆ గుద్దుడును కట్టడి చేస్తూ నియమం తెచ్చినది. ఆదివారం ఆడి సోమవారం ఉద్యోగానికి పోయే పెద్దల ఔత్సాహిక లీగులలోనైతే, జారి గడి చేరవలె గాని మనిషిమీద పడరాదు అన్నది సర్వసాధారణమైన కట్టుబాటు. కారణం సిరొంచలో చెప్పేదే. తెల్లవారితే అందరికీ పని ఉన్నది.

ఇక కూత మాట. కూతకు పోయేవాడు ఎదుటి బరిలో ఉన్నంతసేపూ “కబడ్డీ కబడ్డీ” అని తెగకుండా, స్పష్టంగా అంటూ ఉండవలె; ఊపిరి మార్చరాదు. టీవీలో చూచేవారికి 30 సెకన్ల గడియారమే గాని కూత వినబడదు. పల్లెలో గడియారం ఉన్నా లేకున్నా చెవి ఉంటుంది. ఐతే జనం ఈలలలో, డప్పుల మోతలో ఊపిరి తెగినదో లేదో పంచ్‌కు ఎట్లా తెలుస్తుంది? తెలిసేది ఒక్కనికే, కూత పెట్టినవానికి. తాకుడూ అంతే. ఏడుగురు మూగిన ధూళిలో వేలికొన మడమకు తగిలినదా లేదా అన్నది ఆ ఇద్దరికే ఎరుక. పెద్ద పోటీలలో ఒక రెఫరీ, ఇద్దరు అంపైర్లు, లెక్కలు రాసేవారు వేరే. పల్లెలో ఇద్దరు దొరికితే గొప్ప. మా చిన్ననాటి చెడుగుడులో పంచే లేడు. తాకితే తాకినవాడు చెయ్యి ఎత్తి తానే బయటికి పోయేవాడు. పోకపోతే మరునాడు వానిని ఆటకు పిలిచేవారు కారు. అంతకు మించిన శిక్ష మాకు తెలియదు.

ఈల వచ్చిన తరువాత ఆ చెయ్యి ఎత్తడం తగ్గినదని పెద్దలు అంటారు. “పంచుల నిర్ణయమే తుది” అని కరపత్రంలో ఉంటుంది గదా, ఇక మనమెందుకు చెప్పుకోవలె అన్న ధోరణి కుర్రవారిలో వచ్చినది. నేనూ అట్లాగే అనుకున్నాను. పోయిన సంక్రాంతి తరువాత జరిగినది చూచినాక అంత గట్టిగా అనలేను.

చివరి ఆట. ముప్పై, ముప్పై. ఆఖరి కూత. బరిలో మిగిలిన ముగ్గురిలో ఒకడు నలభై దాటిన రైతు, మీసం నెరిసినవాడు. కూతకు వచ్చిన పిల్లవాడు ఎడమమూలకు వంగి చెయ్యి విసరి, ఎవరినీ తాకినట్లు చెప్పుకోకుండానే గీత దాటి తిరిగి పోయినాడు. పంచులిద్దరూ ముఖముఖాలు చూచుకున్నారు. ఈల రాలేదు. అప్పుడా రైతు చెయ్యి పైకెత్తి, నెమ్మదిగా నడిచి గీత బయటికి వెళ్ళి కూర్చున్నాడు.

ఆ జట్టు నాయకుడు అతని మేనల్లుడే. పరుగున వచ్చి, “మామా, పంచ్ ఈల కొట్టనే లేదు, నువ్వెందుకు పోయినవే?” అని మండిపడినాడు.

“తాకింది రా. చలికి వాని వేలు మంచులెక్కున్నది. నాకు తెల్వదా?” అన్నాడాయన, మోకాలి మట్టి దులుపుకుంటూ.

మేనల్లుడు చాలాసేపు ఆ మామతో మాట్లాడలేదు. పంచ్ నా బల్లవైపు తిరిగి వేలు చూపినాడు. నేను ముప్పైయొకటి అని రాసినాను.