పార్కు పక్కన పెరిగే ధర

సాంచల చప్పుడు ఆగని ఊరు మన భివండి. పన్నెండేసి గంటలు మగ్గం ముందు నిలబడి, పత్తి నూగు పీల్చి బయటికి వచ్చిన కార్మికుడికి కాస్త గాలి, కాస్త నీడ దొరికేది ఎక్కడ? ఒకే గదిలో నలుగురైదుగురు సర్దుకునే ఇంట్లో మాత్రం కాదు. వీధి చివరి మైదానంలోనో, చెరువు గట్టునో, మునిసిపాలిటీ తోటలోనో. పిల్లలు బంతి ఆడాలన్నా, ఆడవాళ్లు బతుకమ్మ ఆడాలన్నా అలాంటి జాగాయే కావాలి. ఆ జాగా చుట్టూ వ్యాపారం పెరిగినప్పుడు పేటలో తగువులు ఎందుకు వస్తాయో, చివరకు జాగా ఎవరి చేతికి పోతుందో ఈ రోజు తెలుసుకుందాం.

ముందుగా ఒక సంగతి గమనించండి. తోట బాగుపడితే దాని చుట్టూ ఉన్న నేలకు ధర పెరుగుతుంది. చెట్లకు ఎదురుగా ఉన్న గదికి కిరాయి ఎక్కువ పలుకుతుంది. రేకుల షెడ్డు ఉన్నచోట దుకాణాలు, పైన అంతస్తులు వస్తాయి. సొంత ఇల్లు ఉన్నవారికి ఇది లాభం. కిరాయికి ఉన్నవారికి ఇది ఖాళీ చేయమన్న కబురు. తోట కోసం పోట్లాడినవారే, తోట బాగుపడ్డాక ఆ పేటలో ఉండలేకపోవచ్చు. సాంచలు గిట్టుబాటు కాక షెడ్డు అమ్ముకుంటున్న యజమానీ మనవాడే, గది ఖాళీ చేస్తున్న కార్మికుడూ మనవాడే. కాబట్టి ఇది మంచివాళ్లకూ చెడ్డవాళ్లకూ మధ్య తగువు కాదు. వ్యాపారం రావద్దని ఎవరూ అనరు. దాని కోసం అందరి జాగా పోవాలా అన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్నకు పెద్ద పాఠం మనకు దగ్గరలోనే, ముంబయి మిల్లుల్లో ఉంది. 1982 జనవరి 18న అక్కడ సుమారు రెండున్నర లక్షల మంది కార్మికులు దత్తా సామంత్ నాయకత్వంలో సమ్మెకు దిగారు. ఆ సమ్మె తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. అప్పటికే ఎదుగుతున్న భివండి సాంచలకు పని ఇంకా పెరిగింది. అక్కడ మిగిలింది నేల. పరేల్, లోయర్ పరేల్, వర్లీ పేటల నడుమ వందల ఎకరాలు.

1991లో ముంబయి అభివృద్ధి నియంత్రణ నిబంధనల్లో 58వ నిబంధన వచ్చింది. మిల్లు నేలను కొత్తగా కట్టుకోదలిస్తే దాన్ని మూడు వాటాలు చేయాలి. సుమారు మూడో వంతు తోటలకు, మైదానాలకు నగరపాలక సంస్థకు ఇవ్వాలి. మరో వాటా ప్రజా గృహనిర్మాణానికి. మిగిలింది యజమానికి. 1996లో ప్రసిద్ధ వాస్తుశిల్పి చార్లెస్ కొరియా ఆధ్వర్యంలోని సంఘం ఇంకో మాట చెప్పింది. ఒక్కో మిల్లు వాటాను విడివిడిగా తీసుకుంటే ముక్కలే మిగులుతాయి, వాటిని కలిపితే జనానికి పనికొచ్చే పెద్ద తోటలు వస్తాయి అని. ఆ మాట అమలు కాలేదు.

2001లో నిబంధన మారింది. కొత్త మాట ప్రకారం మూడు వాటాలు చేయవలసింది మిల్లు నేల మొత్తాన్ని కాదు, అందులో కట్టడాలు లేని ఖాళీ నేలను మాత్రమే. చిన్న మార్పులా కనబడుతుంది కదా! లెక్క వేసి చూడండి. పది ఎకరాల మిల్లులో ఎనిమిది ఎకరాల్లో షెడ్లు ఉన్నాయనుకోండి. పాత నిబంధన ప్రకారం తోటకు మూడు ఎకరాల పైచిలుకు రావాలి. కొత్త నిబంధన ప్రకారం రెండు ఎకరాల్లో మూడో వంతు, అంటే దాదాపు ఇరవయ్యేడు గుంటలు. గోడ కూలలేదు, చెట్టు నరకలేదు. కాగితం మీద ఒక మాట మారితే తోట కరిగిపోయింది.

దీనిపై బాంబే ఎన్విరాన్‌మెంటల్ యాక్షన్ గ్రూప్ కోర్టుకు వెళ్లింది. 2005 అక్టోబరులో హైకోర్టు వారి పక్షాన తీర్పు చెప్పింది. 2006 మార్చి 7న సుప్రీంకోర్టు ఆ తీర్పును తోసిపుచ్చి, మారిన నిబంధన చెల్లుతుందన్నది. మిల్లు నేలల్లో మాల్‌లు, కార్యాలయ భవనాలు లేచాయి. ఆ చుట్టుపక్కల చాళ్లలోని కార్మిక కుటుంబాలెన్నో దూరపు శివార్లకు తరలిపోయాయి.

అలాగని పోరాడితే ఎప్పుడూ ఓటమే అనుకోకండి. బెంగుళూరులో ఒక పేట పటంలో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రి కట్టుకునేందుకు ఒక ట్రస్టుకు ఇచ్చారు. ఆసుపత్రి చెడ్డ పని కాదు. అయినా ఆ పేటవాసులు కోర్టుకెక్కారు. 1991లో సుప్రీంకోర్టు వారివైపు నిలిచింది. పార్కు కోసం ఉంచిన స్థలాన్ని ప్రైవేటు అవసరానికి మళ్లించరాదని, దాని కోసం అడిగే హక్కు ఆ పేటలో ఉండేవారికి ఉందని తేల్చింది. ముంబయిలో నిబంధనే మారిపోయింది. బెంగుళూరులో పటంలో పార్కు అని రాసి ఉంది, ఆ రాత జనాన్ని కాపాడింది.

మరి భివండి మాటేమిటి? ఇక్కడ వర్తించేది 1966 నాటి మహారాష్ట్ర ప్రాంతీయ, నగర ప్రణాళికా చట్టం. నగరపాలక సంస్థ అభివృద్ధి ప్రణాళిక తయారు చేస్తుంది. దాన్నే అందరూ డీపీ అంటారు. ఏ నేల తోటకు, ఏది ఆటస్థలానికి, ఏది బజారుకు అన్నది అందులో ఉంటుంది. ముసాయిదా ప్రకటించాక అభ్యంతరాలు చెప్పడానికి 30 రోజుల గడువు. మరాఠీ పత్రికలో ‘హరకతీ వ సూచనా’ అని కనబడేది ఇదే. తర్వాత ప్రణాళికలో చిన్న మార్పు చేయాలన్నా 37వ సెక్షన్ కింద ప్రకటన ఇచ్చి, నెల రోజులు జనం మాట వినాలి.

ఇంకొక మెలిక 127వ సెక్షన్‌లో ఉంది. ప్రైవేటు నేలను తోటకని రిజర్వు చేసి పదేళ్లయినా ప్రభుత్వం సేకరించకపోతే, యజమాని నోటీసు ఇవ్వవచ్చు. 2015 సవరణ తర్వాత ఆ నోటీసుకు గడువు 24 నెలలు. అప్పటికీ సేకరణకు అడుగు పడకపోతే రిజర్వేషన్ రద్దవుతుంది. యజమాని దుకాణాలు కట్టుకోవచ్చు. ఇది అతని తప్పు కాదు. తన నేల ఎన్నేళ్లు అలా కట్టిపడేసి ఉంచుతారని అడిగే హక్కు అతనికీ ఉంది. నిద్రపోయింది పాలకులు, వారిని నిద్రలేపని మనం.

కాబట్టి మీ పేటలో చేయదగ్గ పనులు ఇవి. డీపీలో మీ వీధి ఉన్న పటం నకలు తీసుకోండి. ఇవ్వకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఖాళీ జాగా ఏ పేరుతో ఉందో, సేకరించారో లేదో చూడండి. మరాఠీ బడిలో చదివిన మీ పిల్లల చేత పత్రికల్లోని ప్రకటనలు చదివించుకోండి. అభ్యంతరం గడువులోపలే, రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

కిరాయికి ఉన్నవారు మరొకటి మరవకండి. మహారాష్ట్ర కిరాయి నియంత్రణ చట్టం, 1999 ప్రకారం కిరాయి పుచ్చుకున్న యజమాని రసీదు ఇచ్చి తీరాలి. ఆ రసీదులు దాచుకోండి. పేట మారే రోజున అవే మీ సాక్ష్యం.

గోడ లేచాక అరిస్తే వినేవారు తక్కువ. కాగితం మీద గీత గీసే రోజునే మన మాట చెప్పుకోవాలి. పోగు తెగితే సాంచ ఆపి అప్పుడే ముడి వేస్తాం కదా, గజాల కొద్దీ బట్ట చెడేదాకా ఆగము. మన పేట జాగా విషయంలోనూ అంతే మెలకువ కావాలి.