దమ్ములో ట్రాక్టర్ వేడెక్కుతోందా? ముందు ఇవి చూడండి

సార్వా దమ్ములు మొదలైతే మా కోనసీమలో ట్రాక్టర్ వేడెక్కడం మామూలే. ముల్లు ఎర్ర గీత దగ్గరికొస్తే ఆపేయండి. అలాగే నడిపితే ఇంజన్ హెడ్ వంగిపోద్ది.

వేడి మీద రేడియేటర్ మూత తియ్యొద్దు, మరిగే నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి. చల్లారాక నేను చూసే వరుస ఇది, పై వీడియోలోనూ ఇదే:

1. రేడియేటర్ రెక్కల్లో ఊక, బురద ఉంటే ఇంజన్ వైపు నుంచి బయటికి నెమ్మదిగా నీళ్లు కొట్టాలి.

2. నీళ్లు తగ్గితే గొట్టాలు, వాటర్ పంపు దగ్గర కారుతుందేమో చూడాలి.

3. ఫ్యాన్ బెల్టు వదులైతే బిగించాలి.

4. మళ్లీ స్టార్ట్ చేశాక ముల్లు పైకెక్కినా పై గొట్టం చల్లగానే ఉంటే థర్మోస్టాట్ మీద అనుమానం. పైది కాలుతూ కిందది చల్లగా ఉంటే రేడియేటర్ లోపల పూడి ఉండొచ్చు.

5. నీళ్లలో బుడగలు ఆగకుండా వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ పని. మెకానిక్‌ని పిలవండి.

ఉప్పు బోరు నీళ్లు పోస్తే లోపల తుప్పు, పొర పడతాయి. కంపెనీ చెప్పిన కూలెంటే డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోయండి. పాత కూలెంట్ మాత్రం బోదెలో పారబోయొద్దు. తియ్యగా ఉంటుందని ఆవు తాగితే దాని ప్రాణానికే ముప్పు. మన జీవామృతానికి ఆవే కదా ఆధారం.