మీకు తెలుసా? మిమ్మల్ని మీరే పేరు పెట్టి పిలుచుకుంటే కంగారు తగ్గుతుంది

‘నావల్ల కాదు’ అని లోపల గొణిగే గొంతును బలవంతంగా నొక్కాలని చూస్తే అది ఇంకాస్త రెచ్చిపోతుంది. 1987లో ప్రచురించిన ప్రయోగంలో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ వెగ్నర్ కొందరు విద్యార్థులకు ‘ఐదు నిమిషాలు తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించకండి’ అని చెప్పారు. పాపం, వాళ్లకు పదేపదే అదే గుర్తొచ్చింది!

మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఈథన్ క్రాస్ బృందం 2014లో ప్రచురించిన ప్రయోగాలు వేరే దారి చూపాయి. అప్పటికప్పుడు ప్రసంగించాల్సిన వాళ్లలో కొందరిని ‘నాకెందుకీ కంగారు?’ అని ఆలోచించమన్నారు. మిగతావాళ్లను తమ పేరుతోనే, అంటే ‘సుజాతా, ఎందుకే నీకింత కంగారు?’ అన్న తీరులో ప్రశ్నించుకోమన్నారు. రెండో జట్టే బాగా మాట్లాడింది. ఆ తర్వాత ‘అయ్యో, అలా మాట్లాడానేంటి’ అని సిగ్గుతో కుమిలిపోవడమూ వాళ్లలో తక్కువే. పేరు పెట్టి పిలిచేసరికి కష్టం పక్కింటివాళ్లదిలా కనిపిస్తుంది. పక్కింటివాళ్లకు సలహాలివ్వడంలో మనకెప్పుడు లోటు? త్యాగరాజస్వామి అయితే ఎన్నో కీర్తనల్లో తన మనసునే ఎదురుగా నిలబెట్టుకుని మందలించారు.

అద్దం ముందు నిలబడి తమను తాము పొగుడుకోవడం మాత్రం అందరికీ పడదు. కెనడాలో జోఆన్ వుడ్ బృందం 2009లో ప్రచురించిన అధ్యయనంలో, తమ మీద తమకు చిన్నచూపు ఉన్నవాళ్లు ‘నేను ప్రేమకు తగిన మనిషిని’ అని పదేపదే అనుకున్నాక ఇంకా డీలాపడ్డారు. మాటలు సరే, ఆత్మవిశ్వాసానికి అన్నిటికన్నా గట్టి ఆధారం స్వయంగా ఒక పని చేసి నెగ్గిన అనుభవమేనని మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లోనే రాశారు.