నటి పూజారిణి అయిన వేళ: నర్తకి రూపకల్పన, విమర్శకు సమాధానం

1927 జనవరి మాసం. కలకత్తా నగరంలోని జొరాసాంకో ఠాకూర్ల భవనంలో ఒక నాటకం ప్రదర్శితమైంది. దాని పేరు 'నటీర్ పూజ'. రచయిత రవీంద్రనాథ ఠాకూర్. పాత్రధారిణులు శాంతినికేతన బాలికలు, యువతులు. ప్రధాన పాత్ర అయిన శ్రీమతిని ధరించినది ప్రసిద్ధ చిత్రకారుడు నందలాల్ బోస్ కుమార్తె గౌరి. నాటకం చివర ఆమె నృత్యం చేయవలసి ఉంది. నేటి పాఠకునికి ఇందులో వింత ఏమీ తోచకపోవచ్చు. కాని నాటి వంగదేశంలో గౌరవ కుటుంబానికి చెందిన కన్య నగర ప్రేక్షకుల ఎదుట నర్తించడం సామాన్య విషయం కాదు. కన్నవారి పరువు, కన్య భవిష్యత్తు, శాంతినికేతన విద్యాలయం ప్రతిష్ఠ, ఇవన్నీ ఆ ఒక్క నృత్యంతో ముడిపడి ఉన్నాయి.

ఆ భయానికి కారణం తెలియాలంటే కలకత్తా రంగస్థల చరిత్రను కొంత స్మరించాలి. 1873లో బెంగాల్ థియేటర్ వారు స్త్రీ పాత్రలకు స్త్రీలనే నియమించారు. మైకేల్ మధుసూదన దత్తు ఆ సూచన చేశారు. అది నచ్చని ఈశ్వరచంద్ర విద్యాసాగరులు ఆ సంస్థతో సంబంధం వదులుకొన్నారు. ఆనాడు రంగస్థలానికి వచ్చిన స్త్రీలు సంఘం వెలివేసిన వాడల నుంచి వచ్చినవారే. వారిలో వినోదినీ దాసి వంటి మహానటీమణులు వెలసినప్పటికీ, 'నటి' అనే మాటకు అంటిన మచ్చ తొలగలేదు. ఠాకూర్ల ఇంటిలో మాత్రం 1881లోనే 'వాల్మీకి ప్రతిభ' సంగీత నాటకంలో ఇంటి ఆడపడుచు ప్రతిభాదేవి సరస్వతిగా నటించింది. అయితే పాడడం వేరు, నటించడం వేరు, అందరి ముందు నర్తించడం వేరు. ఈ మూడవ మెట్టు ఎక్కడానికి మరి నలభై ఐదు సంవత్సరాలు పట్టింది. అందుకే నాటకానికి 'నటి చేసిన పూజ' అని పేరు పెట్టడమే ఒక సాహసం. ఏ మాటను సంఘం నిందగా వాడుతున్నదో, ఆ మాటనే కవి పూజ పక్కన నిలిపాడు.

దాసి నర్తకిగా మారిన వైనం

నాటకానికి మూలం ఒక బౌద్ధ అవదాన కథ. నేపాళ దేశపు సంస్కృత బౌద్ధ వాఙ్మయాన్ని గురించి రాజేంద్రలాల్ మిత్ర 1882లో ప్రకటించిన గ్రంథం ద్వారా ఈ కథలు వంగ పాఠకులకు పరిచయమైనాయి. బింబిసార మహారాజు తన రాజోద్యానంలో బుద్ధుని స్మృత్యర్థం స్తూపం నిర్మించాడు. అతని కుమారుడు అజాతశత్రువు రాజ్యానికి వచ్చి అక్కడ పూజలు చేయరాదని, చేసినవారికి మరణమే శిక్ష అని శాసించాడు. అంతఃపుర దాసి శ్రీమతి ఆ శాసనాన్ని లెక్కచేయక స్తూపం చెంత దీపం వెలిగించి ప్రాణాలు కోల్పోయింది. ఈ వృత్తాంతాన్ని రవీంద్రులు 1899లో 'పూజారిణి' అనే కథాకావ్యంగా వ్రాశారు.

1926లో కవి జన్మదినోత్సవానికి బాలికలు మాత్రమే ప్రదర్శించగల నాటకం కావాలని కోడలు ప్రతిమాదేవి కోరగా, ఆ కావ్యమే నాటక రూపం ధరించింది. అప్పుడు కవి చేసిన ముఖ్యమైన మార్పు ఒకటి ఉంది. కావ్యంలోని శ్రీమతి దాసి. నాటకంలోని శ్రీమతి రాజనర్తకి. ఆమె స్తూపం ముందు నాట్యమాడాలని ఆజ్ఞ వెలువడుతుంది. పూజాస్థలాన్ని అపవిత్రం చేయడమే ఆ ఆజ్ఞ ఉద్దేశం. శ్రీమతి ఆజ్ఞను పాటిస్తుంది, నర్తిస్తుంది. అయితే నర్తిస్తూ ఒక్కొక్క ఆభరణాన్నే తీసి స్తూపానికి సమర్పిస్తుంది. నర్తకి వేషం తొలగగా లోపల భిక్షుణి వస్త్రం కనిపిస్తుంది. అవమానానికై విధించిన నృత్యమే ఆరాధన అవుతుంది. రక్షకులు ఆమెను వధిస్తారు. ఆమెను అంతవరకు ద్వేషించిన రాజకుమారి రత్నావళి చివరకు ఆమె పాదాల చెంత శిరస్సు వంచుతుంది.

దేశమంతటి నుంచి కూర్చిన రూపం

శ్రీమతి పాత్రను రంగస్థలంపై రూపొందించిన పద్ధతి గమనింపదగినది. అది ఒక ప్రాంతానికో ఒక సంప్రదాయానికో చెందిన రూపం కాదు. అనేక మూలాల నుంచి ఏర్చి కూర్చిన సమ్మేళన చిత్రం. కథ మగధకు చెందినది. పాట వంగదేశానిది. నృత్యం మణిపురానిది. 1919లో సిల్హెట్ ప్రాంతంలో మణిపురీ నృత్యాన్ని చూచి ముగ్ధులైన రవీంద్రులు ఆ విద్యను శాంతినికేతనానికి తేవాలని సంకల్పించారు. తరువాత త్రిపుర నుంచి నృత్యగురువులు వచ్చారు. వారిలో నవకుమార్ సింగ్ 'నటీర్ పూజ' నాటి బాలికలకు శిక్షణ ఇచ్చారు. మణిపురీ నృత్యంలో పాదాల చప్పుడు కంటె దేహపు ఒయ్యారం, ఆర్భాటం కంటె భక్తి ప్రధానం. శ్రీమతి పాత్రకు కావలసింది సరిగా అదే.

ఇక వేషభూషలు, రంగాలంకరణ నందలాల్ బోస్, సురేంద్రనాథ్ కర్ వంటి కళాభవన చిత్రకారుల బాధ్యత. నందలాల్ యౌవనంలోనే లేడీ హెరింగ్‌హామ్ బృందంతో అజంతాకు వెళ్లి అక్కడి కుడ్యచిత్రాలకు ప్రతికృతులు వ్రాసినవారు. 1921లో బాఘ్ గుహల చిత్రాలను కూడా అనుకరించి తెచ్చారు. ఆ గుహల గోడలపై ఉన్న స్త్రీమూర్తుల కేశబంధాలు, ఉత్తరీయపు మడతలు, హస్తభంగిమలు ఆయన చేతివేళ్లకు అలవాటైనవే. శాంతినికేతన రంగస్థలంపై చిత్రించిన తెరలు, భవనాల బొమ్మలు ఉండవు. వెనుక సాదా గుడ్డ, ముందు పాత్రలు, వారి వస్త్రాల రంగులు, అంతే. చిత్రకారుడు పటంపై ఖాళీ స్థలాన్ని విడిచినట్లే, రంగస్థలంపై కూడా ఖాళీని విడిచి నర్తకిపైననే చూపు నిలిచేటట్లు చేశారు.

ఇటువంటి కూర్పు కలగూరగంప కాకుండా నిలవడానికి కారణం ఒక్కటే. ముందుగా భావం నిర్ణయమైంది. తరువాతనే సామగ్రి వచ్చింది. ఆభరణం ఎందుకు? తీసివేయడానికి. నర్తకి వేషం ఎందుకు? దాని అడుగున మరొక వేషం ఉన్నదని తెలపడానికి. భావానికి ఉపకరించనిది ఎంత అందమైనదైనా అక్కడ అనవసరమే.

విమర్శను ఎదుర్కొన్న తీరు

శాంతినికేతనంలో ఆశ్రమవాసుల ఎదుట జరిగిన తొలి ప్రదర్శనకు అంతగా చిక్కులు లేవు. కలకత్తాకు తేవాలనుకొన్నప్పుడే సందేహాలు తల యెత్తినాయి. మూల నాటకంలో పురుష పాత్రే లేదు. ఆడపిల్లలు ఒంటరిగా నగర ప్రేక్షకుల ముందు నిలిచినచో నింద అంతా వారిపైననే పడుతుంది. రవీంద్రులు చేసిన పని ఏమనగా, నాటకానికి ఒక ఆరంభ దృశ్యం చేర్చి అందులో ఉపాలి అనే బౌద్ధ భిక్షువు పాత్రను కల్పించారు. ఆ పాత్రను తామే ధరించారు. అప్పటికి వారి వయస్సు అరువది ఐదు దాటింది. విశ్వవిఖ్యాతుడైన కవి భిక్షాపాత్రతో రంగస్థలంపై నిలిచి నటి ఇంటి ముంగిట భిక్ష కోరాడు. ఇక ఆ బాలికలను నిందింపదలచినవారు ముందుగా ఆయనను నిందింపవలసి ఉంటుంది.

ఇది కేవలం రక్షణోపాయం కాదు. నాటక భావానికి కూడా బలం చేకూర్చింది. సంఘం చిన్నచూపు చూచే నటి వద్ద భిక్షువు స్వీకరించదగిన దానం ఒకటి ఉన్నదని ఆ దృశ్యం మొదటనే ప్రకటించింది. విమర్శకు భయపడి నృత్యాన్ని తగ్గించలేదు, తీసివేయలేదు. దానికి అర్థం మరింత స్పష్టమయ్యేటట్లు ముందు ఒక దీపం పెట్టారు.

అయితే విమర్శలన్నీ ఒక జాతివి కావు. కన్య నర్తించడమే తప్పు అనే నింద ఒకటి. కళలో లోపాన్ని ఎత్తిచూపే విమర్శ మరొకటి. మొదటిదానికి రవీంద్రులు తల వంచలేదు. 1931లో తమ సప్తతి ఉత్సవాల సందర్భంగా కలకత్తాలో 'నటీర్ పూజ' మళ్లీ ప్రదర్శితమైంది. 1932లో న్యూ థియేటర్స్ సంస్థ దానిని చలనచిత్రంగా తీసింది. కవి స్వయంగా దర్శకత్వం వహించారు. రంగస్థల ప్రదర్శనను ఉన్నది ఉన్నట్లు తీసిన ఆ చిత్రానికి ఆదరణ స్వల్పమే. తరువాత స్టూడియోలో జరిగిన అగ్ని ప్రమాదంలో దాని ప్రతులు దగ్ధమైనాయి. రెండవ విధమైన విమర్శకు మాత్రం ఆయన తలుపులు తెరచి ఉంచారు. తమ కృతులను తామే తిరిగి పరీక్షించుకొని మార్చేవారు. 1936లో 'పరిశోధ్'గా ప్రదర్శితమైన రచన 1939 నాటికి 'శ్యామ' నృత్యనాటకంగా పరిణమించింది. 1933లో వచన నాటకంగా వెలువడిన 'చండాలిక' 1938లో నృత్యనాటకమైంది. నిందకు చలించకపోవడం, లోపాన్ని దిద్దుకోవడం రెండూ ఒకే మనిషిలో ఇమిడి ఉండడం ఇక్కడ చూడవచ్చు.

నందలాల్ కూడా విమర్శల మధ్య పెరిగినవారే. అవనీంద్రనాథుడు, ఆయన శిష్యులు వ్రాసిన చిత్రాలను 'సాహిత్య' పత్రికా సంపాదకుడు సురేశచంద్ర సమాజపతి తీవ్రంగా ఎగతాళి చేశారు. పొడవైన వేళ్లు, సన్నని నడుములు ఆయన పరిహాసానికి గురి అయినాయి. నందలాల్ వాదానికి దిగక తన రేఖను గట్టిపరచుకొన్నారు. గ్రామీణ పటాలను, చుట్టూ ఉన్న శ్రమజీవులను పరిశీలించి, పూర్వపు సుకుమారతను దాటి వచ్చారు. 1938 హరిపుర కాంగ్రెస్ కోసం వ్రాసిన చిత్రఫలకాలే దానికి సాక్ష్యం.

గోడపై నిలిచిన నర్తకి

తెర పడిన పిదప నృత్యం మిగలదు. చలనచిత్రం కూడా మిగలలేదు. మిగిలినది చిత్రం. 1942లో నందలాల్ శాంతినికేతనంలోని చీనాభవన గోడపై 'నటీర్ పూజ'ను చిత్రించారు. 1943లో బరోడాలోని కీర్తిమందిరంలో అదే ఇతివృత్తానికి ఒక గోడను కేటాయించారు. గంగావతరణం, మీరాబాయి జీవితం, కురుక్షేత్ర యుద్ధం ఆక్రమించిన గోడల సరసన ఒక నటి కథ చోటు సంపాదించుకొన్నది. తన కుమార్తె ధరించిన పాత్రను పదిహేను సంవత్సరాల అనంతరం తండ్రి గోడపై నిలిపినాడన్నమాట. ఒకప్పుడు నిందకు గురి కాగలదని భయపడిన దృశ్యమే స్మారక మందిరానికి అలంకారమైంది.

ఈ విధమైన కుడ్యచిత్రంలో ఒకే కథలోని వేర్వేరు ఘట్టాలు ఒకే తలంపై ఇమిడి ఉంటాయి; ఒకే పాత్ర పలుమార్లు కనిపిస్తుంది. ఇది మన దేశంలో ప్రాచీనమైన పద్ధతి. తెలుగువారికి అమరావతి శిల్పం దీనికి చక్కని నిదర్శనం. నలగిరి గజ దమన ఫలకంలో మదించి వీధిలో పరుగెత్తే ఏనుగు ఒక ప్రక్క, బుద్ధుని పాదాలకు మ్రొక్కే అదే ఏనుగు మరొక ప్రక్క ఒకే వృత్తంలో కనిపిస్తాయి. రెండు క్షణాల మధ్య జరిగిన మార్పే ఆ శిల్పానికి విషయం. నటి పూజారిణిగా మారిన కథను చెప్పడానికి ఇంతకంటె తగిన పద్ధతి లేదు.

వంగ చిత్రకళకు, ఆంధ్రదేశానికి అనుబంధం కూడా పాతదే. మచిలీపట్నంలోని ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార్ చట్టోపాధ్యాయ చిత్రకళ బోధించగా అడివి బాపిరాజు వంటివారు ఆయన వద్ద నేర్చుకొన్నారు. నర్తకి విషయంలోని సంకోచం కూడా ఉభయులకూ సమానమే. కూచిపూడిలో సత్యభామ పాత్రను తరతరాలుగా పురుషులే ధరించారు. స్త్రీలు ఆ నాట్యాన్ని అభ్యసించి వేదిక నెక్కడం ఇరవయ్యవ శతాబ్దంలో జరిగిన పరిణామం. మరొకవైపు నాట్యాన్ని తరతరాలుగా కాపాడిన కళావంతుల కుటుంబాల స్త్రీలకు సంఘం ఆ గౌరవాన్ని సకాలంలో ఇవ్వలేదు. 'నటీర్ పూజ' అడిగిన ప్రశ్న వంగదేశానికి మాత్రమే సంబంధించినది కాదు.

నేడు జొరాసాంకో భవనం రవీంద్రభారతి విశ్వవిద్యాలయానికి నిలయం. 1962లో ఏర్పడిన ఆ విద్యాసంస్థలో నృత్యం ఒక పాఠ్యవిషయం. అటువంటి విద్యాలయాల్లో నాట్యం నేర్చే బాలికల ఛాయాచిత్రాలను వేర్వేరుగా తీసి, కంప్యూటర్ సహాయంతో ఒకే పటంలో కూర్చి, ఒక పురాణ ఘట్టంగానో ఋతు వర్ణనగానో రూపొందించడం నేడు పరిపాటి అయింది. పరికరాలు మారినాయి గాని పని స్వరూపం మారలేదు. భావం ముందు రావాలి. ఆభరణం భావానికి లోబడాలి. చిత్రంలో ఉన్న బాలిక గౌరవానికి చిత్రకారుడు పూచీపడాలి. విమర్శ వచ్చినప్పుడు అది బాలికపై వేసిన నిందయా, పనిలో ఉన్న లోపమా అని విడదీసి చూడాలి. లోపమైతే దిద్దుకోవాలి. నిందయైతే, భిక్షాపాత్ర చేతబట్టి ముందు నిలిచిన ఆ వృద్ధ కవివలె, రూపకర్త తానే ముందుకు వచ్చి నిలవాలి.